పెరటి చాటుకు నీడపట్టు మొక్కలే మేలు

గోదావరి గట్టు వెంబడి వూళ్ళలో పెరడు అంటే ఇల్లు కట్టగా మిగిలిన జాగా కాదు. ఇంటి ఇల్లాలికి సగం రోజు గడిచే చోటు అది. అంట్లు తోమేది అక్కడే, బట్టలు వుతికేది అక్కడే, పసివాళ్ళకు నీళ్ళు పోసేది అక్కడే, తలంటుకున్న జుట్టు ఆరబోసుకునేది అక్కడే. లోపల టైల్స్ పరచిన స్నానాల గది వున్న ఇంట్లో సైతం యీ పనులు పెరట్లోకే వస్తాయి. కొవ్వూరు పట్టణమైనా, చుట్టూ వున్న పల్లెలైనా ఇందులో తేడా లేదు. అటువంటి చోటుకు చాటు కావాలనడం కలిగినవారి షోకు అనుకోవడం పొరపాటు.

వెనుకటి రోజుల్లో ఆ చాటును తాటాకు దడి ఇచ్చేది. లేదంటే కొబ్బరి మట్టల దడి, మరి కాస్త వున్నవారికి వెదురు తడిక. ఏటా తొలకరికి ముందు పాత దడి విప్పి పొయ్యిలోకి పంపడం, కొత్తది కట్టడం ఇంటి పనుల్లో ఒకటిగా వుండేది. ఇప్పుడు తాటాకు కొట్టే మనిషి దొరకడు, దొరికినా దడి కట్టే కూలి ఏటా పెట్టుకోవడం చిన్న సంసారాలకు భారం. కనుక చాలా ఇళ్ళలో దడి పోయి ప్రహరీ గోడ వచ్చింది. గోడ కట్టే తాహతు లేనిచోట పచ్చని నెట్టు గుడ్డ వచ్చింది. అదీ చిరిగితే ఎన్నికలప్పటి ఫ్లెక్సీ వచ్చి చేరింది. ఏ పార్టీ అని చూడకుండా నాయకులందరూ కలిసి ఒకే పెరటికి కాపలా కాయడం పల్లెల్లో కొత్త దృశ్యమేమీ కాదు.

అసలు చిక్కు గోడ కట్టిన ఇళ్ళకూ వచ్చింది. పెంకుటిళ్ళు పోయి డాబాలు, డాబాల మీద అంతస్తులు లేచాయి. 6 అడుగుల ప్రహరీ వీధిలో నడిచేవాడి కన్నును ఆపగలదు గాని మేడమీద నిలబడినవాడి కన్నును ఆపలేదు. పక్కింటివారు చెడ్డవారు కానక్కరలేదు. ఫోను మాట్లాడుతూ పిట్టగోడ దగ్గరకు వచ్చిన కుర్రవాడు కావాలని చూడకపోవచ్చు. కాని కింద నూతి దగ్గర కూర్చున్న ఆడమనిషికి, పైన ఎవరో వున్నారన్న సంగతే చాలు, చేస్తున్న పని సగంలో వదిలి లోపలికి పోవడానికి. తెల్లవారకముందే పనులు ముగించుకోవడం, దండెం మీద లోపలి బట్టలకు పైన చీర కప్పడం, వుక్కబోతలో కూడా తలుపు వేసుకుని తల తుడుచుకోవడం, యివన్నీ చాటు లేని పెరటికి ఇల్లాలు కట్టే పన్నులు. ఏ లెక్కల పుస్తకంలోనూ యివి ఎక్కవు.

ఇక్కడే గమనించవలసిన సంగతి ఒకటి వుంది. చాటును తీసుకుపోయిన ఆ మేడే, ఎండను కూడా తీసుకుపోతుంది. తూర్పున పక్కింటి అంతస్తు లేస్తే పెరట్లో పొద్దెక్కేదాకా నీడే. పడమట లేస్తే మధ్యాహ్నం దాటగానే నీడ. దానికి తోడు పెరట్లో ముందునుంచీ వున్న మామిడో, పనసో, రెండు కొబ్బరి చెట్లో వుండనే వుంటాయి. అంటే మొక్కలతో చాటు కట్టుకోవలసిన అవసరం ఎక్కడ ఎక్కువో, అక్కడే ఎండ తక్కువ. ఈ ఒక్క విషయం మరచి మొక్కలు తెచ్చుకుంటున్నందువల్లనే డబ్బు, శ్రమ, రెండేళ్ళ కాలం వృథా అవుతున్నాయి.

చట్టం ఏమంటుంది?

మేడ కిటికీ మీద తగవుకు దిగినవారు చివరకు అడిగే ప్రశ్న, చట్టం లేదా అని. లేకపోలేదు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షన్ స్థానిక ఆచారం వల్ల కలిగే హక్కులను గుర్తిస్తుంది. ఒక పట్టణంలో పొరుగువారి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం వుంటే, అది ఎలా వర్తిస్తుందో ఆ సెక్షన్‌లోనే ఉదాహరణగా ఇచ్చారు. అలహాబాద్ హైకోర్టు 1888లో ఒక కేసులో ఆడవారి మరుగుకు సంబంధించిన అటువంటి ఆచారాన్ని ఒప్పుకుంది కూడా. కాని అది ఘోషా పాటించే ఉత్తరాది సంగతి. అప్పట్లో గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలో వుండేది. మద్రాసు హైకోర్టు మాత్రం ఆ శతాబ్దంలోనే, కిటికీ తెరవడం వల్ల మరుగు పోయిందన్నంత మాత్రాన దావాకు ఆధారం లేదని తేల్చింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన మాట నిజమే. అయినా ఆ తీర్పు చేత పట్టుకుని పక్కింటి కిటికీకి ఇటుకలు పెట్టించడం అయ్యే పని కాదు.

ఇల్లు కట్టేటప్పుడు ప్లానులో చూపిన ఖాళీ జాగా వదిలారా లేదా అని పంచాయతీలోనో, మునిసిపాలిటీలోనో అడగవచ్చు. అడగాలి కూడా. ఆ ఖాళీ వదిలి కట్టినవారి మీద చేయగలిగింది లేదు. ఎవరి జాగాలో వారు అడ్డు కట్టుకోవడమే మిగిలిన దారి. ఆ అడ్డు గోడ రూపంలో 10, 12 అడుగులు లేపితే ఖర్చు సరే, పెరట్లోకి గాలి కూడా రాదు. గోదావరి తీరాన వైశాఖ జ్యేష్ఠ మాసాలు ఎరిగినవారెవరూ ఆ పని సలహా ఇవ్వరు. కనుక మొక్కలే గతి.

నర్సరీలో చూసింది పెరట్లో వుండదు

వంతెన దాటి వెళితే కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక. దేశమంతా మొక్కలు కొనుక్కుపోయే చోటు పక్కనే వుండడం కొవ్వూరు ప్రాంతానికి అదృష్టమే. ఐతే వెళ్ళేది ఎవరు? సాధారణంగా ఇంటి మగవారు, మోటారు సైకిలు మీద, ఒక పూటలో పని ముగించుకు రావాలనే తొందరతో. అడిగేది ఒకటే ప్రశ్న: "త్వరగా పెరిగేది ఏది?" పెరట్లో ఎండ ఎంతసేపు వుంటుందో ఆయనకు తెలియదు, ఆ వేళల్లో ఆయన పెరట్లో వుండడు గనుక. తెలిసిన మనిషి ఇంట్లో వుంటుంది. నర్సరీ వారిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. అడిగిన ప్రశ్నకు వారు సరైన జవాబే ఇస్తున్నారు.

అలా వచ్చిన వాటిలో మొన్న మొన్నటి దాకా మొదటిది కోనోకార్పస్. ఎంత కత్తిరించినా వారం తిరక్కుండా చిగురిస్తుంది, ఎండలో పచ్చని గోడలా లేస్తుంది. దాని వేళ్ళు నీళ్ళ గొట్టాలను, కాల్వలను పాడు చేస్తున్నాయని, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులు వస్తున్నాయని ఫిర్యాదులు రావడంతో గుజరాత్ ప్రభుత్వం 2023లో, తమిళనాడు ప్రభుత్వం 2025లో ఆ మొక్కను నాటవద్దని ఆదేశాలిచ్చాయి. ఆ వివాదం పక్కన పెట్టినా, అది నిండు ఎండలో పెరిగే సముద్ర తీరపు చెట్టు. మేడ నీడలో పెడితే వెలుగు కోసం పైకి పాకి, కింద కట్టెలు మిగులుతాయి. పసుపు ఆకుల డురంటా సంగతీ అంతే. నీడలో దాని పసుపు పోతుంది, ఆకు పలచబడుతుంది. పైగా దాని కాయలు విషం, పిల్లలున్న పెరట్లో అసలు తగదు. గన్నేరు గురించి చెప్పనే అక్కరలేదు. దానికి ఎండ కావాలి, చెట్టు నిలువెల్లా విషం.

ఇక అశోక చెట్టు పేరుతో అమ్ముడయ్యేది నిజానికి నారమామిడి. వరుసగా నాటితే అందంగానే వుంటుంది. కాని అది పొద కాదు, చెట్టు. 30 అడుగులు దాటి పోతుంది, పై కొమ్మలకు నిచ్చెన వేసి కోయించాలి, ఏడాది పొడుగునా ఆకు రాలుస్తుంది, ఆ రాలేది ఎవరి వాకిట్లో అన్నది మళ్ళీ తగవు. అసలైన అశోకం వేరే వుంది. ఎర్రని, నారింజ రంగు పూల గుత్తులతో, నీడలోనే సుఖంగా పెరిగే చిన్న చెట్టు అది. సీతమ్మ కూర్చున్నదని చెప్పుకునే చెట్టు కూడా అదే. పెరుగుదల నెమ్మది కావడంతో దాన్ని అడిగేవారు లేరు. ఇంటికి ఒకటైనా వుంటే బాగుండేది, కాని చాటు కోసమని దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

విచిత్రమేమిటంటే, నీడ వ్యవసాయం యీ ప్రాంతపు రైతుకు కొత్త కాదు. కొబ్బరి తోటల్లో కోకో వేస్తున్నారు. అది నీడలో పెరిగే మొక్క అని తెలిసే వేస్తున్నారు. మిరియాల తీగను చెట్ల మీదికి పాకిస్తున్నారు. తమలపాకు తోటకు అవిసె నీడ ఎందుకు పెడతారో చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. పొలంలో ఇంత లెక్క చూసే మనిషి ఇంటి వెనుకకు వచ్చేసరికి, సరుగుడు తోటలో పెట్టవలసిన మొక్కను మామిడి చెట్టు కింద పెట్టి నీళ్ళు పోస్తున్నాడు.

నీడ ఎలాంటిదో ముందు చూడాలి

నీడలన్నీ ఒకటి కావు. కుమారదేవంలోని సినిమా చెట్టు, ఆ పెద్ద నిద్రగన్నేరు, 2024 ఆగస్టులో కూలకముందు దాని కింద నిలబడినవారికి యిది తెలిసే వుంటుంది. చెట్టు నీడలో ఆకుల సందుల నుంచి వెలుగు చుక్కలు రాలుతూనే వుంటాయి, గాలికి కదులుతూ వుంటాయి. మేడ నీడ అలా వుండదు, గీత గీసినట్లు పడుతుంది. చెట్టు నీడలో మరో ఇబ్బంది వుంది, వెలుగు దొరికినా నేలలోని తేమను, సారాన్ని ఆ చెట్టు వేళ్ళే ముందు లాగేసుకుంటాయి. అక్కడ నీళ్ళు, ఎరువు ఎక్కువ ఇవ్వాలి. మేడ నీడలో నేల త్వరగా ఆరదు, అక్కడ నీళ్ళు తగ్గించాలి.

ఉత్తరపు గోడ విషయంలో చాలామంది మోసపోతారు. చలికాలంలో సూర్యుడు దక్షిణాన వుంటాడు గనుక గోడకు ఉత్తరం వైపు నెలల తరబడి ఎండ పడదు. అది పూర్తి నీడ అనుకుని మొక్కలు పెడతారు. కాని కొవ్వూరు భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన వుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే వుంటాడు. అంటే సరిగ్గా రోహిణి కార్తెలో ఆ నీడపట్టు మొక్కల మీద నిట్టనిలువుగా ఎండ పడుతుంది. లేత మొక్కలు మాడిపోయేది అప్పుడే. మొదటి ఏడాది మాత్రం ఆ నెల రోజులు పైన రెండు కొబ్బరి మట్టలు అడ్డం వేసుకుంటే సరిపోతుంది.

కనుక నర్సరీకి వెళ్ళేముందు ఒక రోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పెరట్లో ఎండ ఎక్కడ పడుతుందో గమనించాలి. అంతకంటే తేలిక, ఇల్లాలిని అడగడం. వడియాలు ఎక్కడ ఎండుతాయో, ఎక్కడ ఎండవో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

నీడలో నిలిచేవి ఏవి?

అన్నిటికంటే ముందు చెప్పవలసింది అడ్డసరం. డబ్బు పెట్టి కొనవలసిన పని లేదు, వూళ్ళో ఎక్కడో ఒక చోట వుంటుంది. వేలు లావు కొమ్మను జానెడు కోసి తొలకరిలో గుచ్చితే చిగురిస్తుంది. సగం నీడలో ఆకు ఇంకా వెడల్పుగా, ముదురు పచ్చగా వస్తుంది. 7, 8 అడుగుల దాకా పెరుగుతుంది. చేదు వల్ల మేక ముట్టదు. మేకల బాధ ఎరిగిన పల్లెలో యిది చిన్న గుణం కాదు. దగ్గుకు అడ్డసరం ఆకు వాడడం పాత వైద్యం. ఇప్పుడు మందుల షాపుల్లో దగ్గు మందుగా దొరికే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం యీ ఆకులోని వాసిసిన్ అన్న పదార్థమే. గర్భిణులు మాత్రం ఆ కషాయం జోలికి పోకూడదు. అడ్డసరానికి అందం లేదని, అది చేలగట్ల మొక్క అని చిన్నచూపు చూసేవారు లేకపోలేదు. పెరటి చాటు చూడడానికి కాదు, కనబడకుండా వుండడానికి అన్నది వారు మరచిపోతున్నారు.

అందం కూడా కావాలంటే నందివర్ధనం. ఆకు నున్నగా, ఏడాది పొడుగునా వుంటుంది, కొమ్మ గుచ్చితే బ్రతుకుతుంది, పూజకు పూలు వస్తాయి. నీడ ఎక్కువైన కొద్దీ పూలు తగ్గుతాయి గాని ఆకు తగ్గదు. కత్తిరించేటప్పుడు కారే పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. నూరువరహాలు కూడా సగం నీడను ఓర్చుకుంటుంది. కాని దీనితో రెండు జాగ్రత్తలు. ఇప్పుడు నర్సరీల్లో ఎక్కువగా కనిపించే మరుగుజ్జు రకం మోకాలు దాటి ఎక్కువ పెరగదు, చాటుకు పనికిరాదు. పాతకాలపు నిలువెత్తు రకం అడిగి తెచ్చుకోవాలి. రెండోది, సిమెంటు గోడకు ఆనించి నాటితే గోడ సున్నం నేలలోకి దిగి ఆకు పసుపు బారిపోతుంది. సబ్బు నీళ్ళు పారే చోట కూడా అంతే. అది తెగులనుకుని మందులు కొట్టేవారున్నారు. మొక్కను గోడకు రెండడుగులు ఎడంగా పెడితే ఆ ఖర్చు తప్పేది.

క్రోటన్ మొక్కలు నీడలో రంగు కోల్పోతాయి, ఆకు మాత్రం నిలుపుకుంటాయి. రంగు పోతే నష్టమేమీ లేదనుకునేవారికి అవి మంచివే. మధుకామిని నీడకు, కత్తిరింపుకు బాగా తట్టుకుంటుంది, రాత్రివేళ పూసిందంటే ఇల్లంతా వాసన. ఐతే నిమ్మ జాతికి చేటు చేసే సిల్లిడ్ పురుగులకు అది ఆశ్రయమిస్తుంది గనుక నిమ్మతోటలు దగ్గరలో వున్నవారు వద్దనుకోవడమే న్యాయం. కాస్త ఖర్చు పెట్టగలిగిన వారికి అరెకా పామ్ వుంది. పోక చెట్టుకు దూరపు చుట్టంలా వుంటుంది, గుబురుగా పిలకలు వేస్తుంది, నీడలోనే ఆకు పచ్చగా వుంటుంది. నీళ్ళు మాత్రం తప్పకుండా కావాలి.

కరివేపాకును తెరగా పెంచుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కొంత నీడను ఓర్చుకుంటుంది, పిలకలు వేస్తుంది, రెండు పనులకూ కలిసి వస్తుందని లెక్క. కాని రోజూ పులుసులోకి, చారులోకి రెబ్బలు తుంచే చెట్టు ఎప్పటికి దట్టమవుతుంది? పైగా సగం వీధి దానికోసమే పెరట్లోకి వస్తుంది. చాటు కోసం పెంచిన చెట్టు జనాన్ని రప్పించడం బాగుండదు.

గోడకు, ఇంటికి మధ్య రెండడుగులే వున్న ఇళ్ళలో పొదలకు చోటుండదు. అక్కడ వెదురు తడిక నిలబెట్టి దాని మీదికి తమలపాకు తీగనో, మిరియాల తీగనో ఎక్కించవచ్చు. రెండూ నీడ మొక్కలే. తడిక మూడు నాలుగేళ్ళకు పోయినా తీగ పోదు.

ఎక్కడ నాటాలి, ఎలా నాటాలి

అందరూ చేసే పని, సరిహద్దు గోడ వెంబడి వరుసగా నాటడం. మేడ చూపు విషయంలో అది లెక్క తప్పిన పని. పక్క మేడ మీద నిలబడినవాడి కన్ను నేలకు 15 అడుగుల ఎత్తున వుందనుకుంటే, వుతుకుడు బండ ఆ మేడకు 22 అడుగుల దూరాన వుందనుకుంటే, బండకు 12 అడుగుల దూరంలో సరిహద్దు మీద వున్న మొక్క, నిలబడిన మనిషి తలను మరుగు చేయాలంటే 10న్నర అడుగులు పెరగాలి. అదే మొక్కను బండకు 4 అడుగుల దగ్గరగా నాటితే 7 అడుగులు చాలు. 7 అడుగుల అడ్డసరం రెండు మూడు వానాకాలాల్లో సిద్ధమవుతుంది. 10న్నర అడుగుల పొద ఎన్నేళ్ళకు వస్తుందో చెప్పలేము. చాటు కావలసింది జాగా అంతటికీ కాదు, నూతి దగ్గర, వుతుకుడు బండ దగ్గర, స్నానాల గది తలుపు దగ్గర. ఆ మూడు చోట్ల మూడు గుబుర్లు పెంచుకుంటే సరిహద్దు పొడుగునా నాటే ఖర్చు, దానితో వచ్చే తగవు రెండూ వుండవు.

నర్సరీలో తలెత్తు మొక్కను చూసి ముచ్చట పడకూడదు. ఎండలో గుబురుగా పెరిగిన మొక్కను తెచ్చి ఒక్కసారిగా నీడలో పెడితే నెల తిరక్కుండా సగం ఆకు రాలుస్తుంది. నెట్టు నీడలో పెరిగినవి అడిగి, పొట్టిగా, అడుగునుంచే కొమ్మలు వేసినవి ఏరుకోవాలి. పాలిథిన్ సంచి అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయిన మొక్క ముసలిది, అది పైకి ఎంత పచ్చగా వున్నా వద్దు.

మృగశిర కార్తె వాన పడ్డాక నాటడం మంచిది. రెండు వరుసలుగా, ఒక వరుసలోని సందుకు ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా, మొక్కకూ మొక్కకూ రెండడుగులు. ఒండ్రు నేల మంచిదే గాని శ్రావణ భాద్రపదాల్లో పెరటి పల్లాల్లో నీళ్ళు నిలుస్తాయి. నేల మీద అరడుగు ఎత్తు కట్ట వేసి దాని మీద నాటితే వేళ్ళు కుళ్ళవు. మాగిన పశువుల ఎరువు గంపెడు వేస్తే మొదటి ఏడాదికి మరేమీ అక్కరలేదు.

అన్నిటికంటే ఎక్కువమంది తప్పు చేసేది కత్తిరింపులో. మొక్క త్వరగా ఎత్తు పెరగాలన్న ఆశతో చివర తుంచరు. ఒంటి కాడతో అది పైకి పోతుంది, రెండేళ్ళకు పైన గొడుగు, కింద నాలుగు పుల్లలు. చాటు కావలసిన చోటే ఖాళీ. నాటిన మొక్క మోకాలెత్తుకు రాగానే చివర తుంచాలి, నడుమెత్తుకు వచ్చాక మళ్ళీ తుంచాలి. ప్రాణం వుసూరుమంటుంది, నిజమే. తరువాత కూడా అడుగు వెడల్పుగా, పైన సన్నగా వుండేలా కత్తిరించాలి. పైన వెడల్పయితే కింది ఆకుకు వున్న కాస్త వెలుగూ అందదు, అది రాలిపోతుంది.

పొద వుంటే పాము వస్తుందన్న భయం పెద్దవారికి వుంటుంది. కట్లపాము, నాగుపాము, రక్తపింజరి తిరిగే యీ సీమలో దాన్ని మూఢనమ్మకమని కొట్టివేయడం తప్పు. కాని పాము పొద కోసం రాదు. పొద కింద చేరిన కట్టెల మోపు, పాత పెంకులు, వాటిలో తిరిగే ఎలుకల కోసం వస్తుంది. నేలకు అడుగు ఎత్తు వరకు కొమ్మలు తీసేసి, కింద రాలిన ఆకు రోజూ వూడ్చి, ఒక బల్బు వేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. కింది అడుగు ఖాళీగా వుంటే చాటుకు లోటేమీ లేదు, ఎవరి పాదాలు ఎవరూ చూడరు. దోమల సంగతి కూడా చెప్పాలి. గుబురు పొదలో పగటి పూట దోమ దాక్కుంటుంది. పొదకు, కిటికీకి మధ్య ఎడం వుంచుకోవడం తప్ప దానికి మందు లేదు.

సరిహద్దుకు మరీ దగ్గరగా నాటవలసి వస్తే, నాటే ముందు పక్కింటివారితో ఒక మాట అనడం మంచిది. తమ జాగాలోకి వచ్చిన కొమ్మను వారు కోసివేయవచ్చు, ఆ కోత ఎలా వుంటుందో చెప్పలేము. మూడడుగులు ఇవతల నాటితే అటు చూసి కత్తిరించుకునే చోటు కూడా మిగులుతుంది. కొన్నిచోట్ల కిటికీ మీద మాటా మాటా పెరిగిన ఇళ్ళే, ఇటు పొద పెరగగానే మళ్ళీ పెసరట్లు ఇచ్చి పుచ్చుకుంటున్నాయి. కనబడకుండా పోవడంలో ఆ సుఖం వుంది.

గ్రామాల్లో ఉద్యాన సహాయకులు వున్నారు. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే వుంది. కొబ్బరికి, కోకోకు, ఆయిల్‌పామ్‌కు ఏ తెగులుకు ఏ మందో రైతుకు చెప్పే ఏర్పాటు వుంది. పెరటి మొక్క గురించి ఇల్లాలికి చెప్పే ఏర్పాటు మాత్రం ఎక్కడా కనబడదు. తొలకరి ముందు ఒక పూట మహిళా సంఘాల సమావేశంలో యీ నాలుగు ముక్కలు చెప్పి, తలా పది అడ్డసరం కొమ్మలు, పది నందివర్ధనం కొమ్మలు చేతికిస్తే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఎంత? రోడ్ల పక్క నాటే మొక్కల్లో ఎండిపోయేవాటి ఖర్చు కంటే అది ఎక్కువ వుండదు.

కొమ్మ గుచ్చిన నాటినుంచి తలెత్తు పెరిగేదాకా కనీసం రెండు వానాకాలాలు గడవాలి. అందాకా పాత నెట్టు గుడ్డను విప్పకుండా వుంచుకోవలసిందే.